కాటను దొర – కర్నూలు పడవ కాలువ

కర్నూలు నుండి నంద్యాలకు పోవు బాటపై సుమారు 15 మైళ్ల దూరమున ఓర్వకల్లు అను ఊరు గలదు. ఆ ఊరి చెంత ఎటు చూచినను రాళ్లే. కొన్ని ఏనుగుల వలెను, కొన్ని కూర్చున్న మనుష్యుల వలెను, కొన్ని ఒకదానిపై నొకటి పేర్చిన గోపురముల వలెను నిలిచియుండును. చుట్టుపట్ల నేల మెట్ట. వానలు కురిసిన జొన్నయు కొఱ్ఱయు పండును; కురియని యేడు రైతు ఆకాశమును చూచుచు కూర్చుండును. 2021వ సంవత్సరమున ఆ ఊరి చేరువనే విమానాశ్రయము వెలసినది. అయితే ఈ సీమకు విమానము రాకముందు, కర్నూలునకు రైలుబండియు రాకముందు, ఇచ్చటికి పడవను తీసికొని రావలెనని ఒక మహాపురుషుడు సంకల్పించెను. రాతిసీమలో పడవ యేమని నాడు అనేకులు నవ్విరి. ఆ సంకల్పము కొంత ఫలించెను, కొంత విఫలమయ్యెను. ఫలించిన భాగమును, ఫలింపని భాగమును తెలిసికొన్నప్పుడే ఆ మహాపురుషుని జీవితము మనకు చక్కగా బోధపడును. ఆయనయే సర్ ఆర్థరు కాటను.

కాటను 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన జన్మించెను. హెన్రీ కాల్వెలీ కాటను అను ఆంగ్లేయునకు ఆయన పదవ కుమారుడు. పదునైదేండ్ల ప్రాయమున అడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, ఇంజనీరు విద్య నభ్యసించి, 1821వ సంవత్సరమున మద్రాసునకు వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిది సంవత్సరములు. వచ్చిన కొలదికాలమునకే ఆయనకు పాంబను జలసంధిని పరిశీలించు పనిలో పాల్గొను అవకాశము లభించెను. రామేశ్వరపు ద్వీపమునకును భారతభూమికిని నడుమనున్న ఆ యిరుకు మార్గమున నీటి క్రింద రాళ్లు దాగియుండుటచే ఓడలు సాగుట కష్టముగ నుండెను. ఓడ పోవుటకు సముద్రమంత నీరు అక్కఱలేదనియు, ఓడ అడుగు ఎంత లోతు మునుగునో అంతకంటె కొంచెము ఎక్కువ లోతు చాలుననియు ఆ యువకుడు అచ్చట గ్రహించెను. ఈ చిన్న సత్యమే ఆయన జీవితమంతటను వెంటాడెను.

పిమ్మట ఆయన కావేరీ మండలమునకు పోయెను. అచ్చట చోళరాజుల నాటి కల్లణ యనెడు ప్రాచీనమైన ఆనకట్ట గలదు. ఇసుకపై పునాది వేసిన కట్ట నిలువదని ఇంజనీర్లు తలచుచుండగా, ఆ కట్ట వందలకొలది సంవత్సరములుగా ఇసుకపైననే నిలిచియుండుట కాటను చూచెను. తమిళదేశపు శిల్పుల నేర్పునకు ఆయన తలయొగ్గి, వారి పద్ధతినే తన గురుపాఠముగా గ్రహించెను. 1836వ సంవత్సరమున కొల్లిడముపై ఆనకట్టలు కట్టి తంజావూరు మాగాణులను కాపాడెను. ఎండలలో నిర్విరామముగ శ్రమించుటచే ఆయన ఆరోగ్యము పలుమార్లు చెడెను. విశ్రాంతికై టాస్మేనియా ద్వీపమునకు పోయి, 1841వ సంవత్సరమున ఎలిజబెత్తు లీర్మంతు అను కన్యను వివాహమాడి, మరల మన దేశమునకే తిరిగివచ్చెను.

ఆ కాలమున గోదావరీ తీరము శోచనీయమైన స్థితిలో నుండెను. 1833వ సంవత్సరపు డొక్కల కఱవు జనులను పీల్చివేసెను. ఏటికి ప్రక్కనే గోదావరి వరదలై సముద్రమున కలియుచుండ, గట్టునున్న పొలము లెండిపోవుచుండెను. కాటను ఆ ప్రాంతమంతయు తిరిగి చూచి, ధవళేశ్వరము వద్ద నదికడ్డముగ ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమునకు నివేదించెను. 1847వ సంవత్సరమున పని ప్రారంభమై 1852వ సంవత్సరమున పూర్తియయ్యెను. వీణెం వీరన్న వంటి తెలుగు ఉద్యోగులు ఆయనకు కుడిభుజమై నిలిచిరి. కావేరీ తీరమున నేర్చిన పాఠము గోదావరి యిసుకపై నిలిచి, నెగ్గెను.

అయితే కాటను కాలువలను పైరులకు మాత్రమే త్రవ్వింపలేదు. పండిన ధాన్యము పొలములోనే పడియున్నచో రైతునకు లాభమేమి? అది సంతకు చేరవలెను, రేవునకు చేరవలెను. కావున ఆయన ముఖ్యమైన కాలువలను పడవలు నడచుటకు వీలుగా త్రవ్వించి, పల్లము మెట్టలున్న చోట్ల లాకులు కట్టించెను. లాకనగా రెండు తలుపుల నడుమనున్న నీటి గది. పడవ లోపలికి రాగానే వెనుక తలుపు మూసి, గదిలోని నీటిని హెచ్చింతురు, లేదా తగ్గింతురు. పడవ మెట్టెక్కినట్లు పైకి లేచును. మెట్టు దిగినట్లు క్రిందికి దిగును. నీటికి కొండనెక్కు శక్తి లేకున్నను, లాకుల సాయమున పడవ ఎత్తైన నేలకు ఎక్కిపోగలదు.

పడవలను గూర్చి కాటను చేసిన వాదము బహు తేలికైనది. బాటపై ఒక టన్ను బరువు లాగు గుఱ్ఱము, కాలువగట్టుపై నడచుచు తాటితో లాగినచో ముప్పది టన్నులకు పైగా బరువునుకూడ లాగగలదు. నేలపై చక్రము గుంటలతోను రాళ్లతోను పోరాడవలెను. నిశ్చలమైన నీటిపై పడవ మెల్లగా జరుగునప్పుడు అడ్డగించు శక్తి అత్యల్పము. వేగము హెచ్చిన కొలది ఆ అడ్డు మిక్కిలి హెచ్చును. కావున మెల్లగా నడచు పడవకు ఖర్చు తక్కువ, త్వరగా నడచు పడవకు ఖర్చు ఎక్కువ. బియ్యపు బస్తాకు తొందర లేదు. పేదవాని కవసరమైనది వేగము కాదు, చౌక. ఇది కాటను సిద్ధాంతము.

పడవల నిర్మాణమును గూర్చి ఆ రోజులలోనే సీమదేశమున లోతైన పరిశోధనలు జరుగుచుండెను. 1834వ సంవత్సరమున స్కాట్లండులో జాన్ స్కాటు రస్సెలు అను ఇంజనీరు కాలువపై గుఱ్ఱములు లాగుచున్న పడవను పరిశీలించుచుండెను. పడవ హఠాత్తుగా ఆగినంతనే దాని ముందఱి నీరు ఒకే పెద్ద అలగా లేచి, పడవను విడిచి, కాలువ వెంట సాగిపోయెను. ఆయన గుఱ్ఱమునెక్కి దానిని మైలు దాటి వెంబడించెను. పడవ వేగముగ నడచునప్పుడు అలను పుట్టించుటకే తన శక్తిలో అధికభాగమును వ్యయపఱచుననియు, పడవ రూపమును మార్చినచో అలయు మాఱుననియు విజ్ఞులు గ్రహింపసాగిరి. మఱికొంత కాలమునకు విలియం ఫ్రౌడు అను వేఱొక ఇంజనీరు రెండు రూపములలో చిన్న నమూనా పడవలను చేయించి నీటిపై లాగించి పోల్చి చూచెను. వానిలో ఒకదాని ముక్కు వాడియైనది, రెండవదాని ముక్కు మొద్దైనది. మొదటిదానికి కాకోలమనియు, రెండవదానికి హంసయనియు అర్థమిచ్చు పేర్లు పెట్టెను. ఒక వేగమున ఒకటి మేలుగా తోచెను. వేఱొక వేగమున రెండవది మేలుగా తోచెను. ఏ వేగమునకైనను, ఏ నీటికైనను ఉత్తమమైన పడవ యొక్కటే లేదని దానివలన తేలెను.

ఈ సత్యము తుంగభద్రా తీరపు జాలరులకు పూర్వమే తెలియును. వారు వెదురుతో గంపవలె అల్లి, పైని తోలు కప్పి, గుండ్రని పుట్టిని చేసికొనెడివారు. దానికి ముందు లేదు, వెనుక లేదు. తెడ్డు వేసినచో ముందుకు పోవుటకంటె తనచుట్టు తాను తిరుగుటయే యెక్కువ. ప్రవాహమునకు ఎదురుగా పోవుట దానివలన కాదు. అయినను రాళ్లతో నిండిన తుంగభద్రలో పుట్టిని మించిన పడవ లేదు. అది జానెడు నీటిలో తేలును. రాతికి తగిలినను వంగి తప్పించుకొనునే కాని పగులదు. ఒడ్డు చేరినంతనే మనుష్యుడు దానిని నెత్తిపై పెట్టుకొని పోగలడు. అయితే అది నదిని దాటించునే కాని, వంద బస్తాల ధాన్యమును వంద మైళ్ల దూరము తీసికొని పోజాలదు. దానికి వేఱొక పడవ కావలెను. అది పొడవైనది, సన్ననిది, అడుగు చదునైనది, చుక్కాని గలది. అట్టి పడవకు రాళ్లతో నిండిన నది పనికిరాదు. దానికి లోతు మాఱని కాలువ కావలెను. కర్నూలు మండలమునకు కాటను తీసికొని రాదలచినది అట్టి కాలువను, అట్టి పడవను.

1860వ సంవత్సరమున కాటను ఉద్యోగమును విరమించెను. మఱుసటి యేడు ఆయనకు సర్ బిరుదము లభించెను. ఆయన ప్రోద్బలముచే ఇంగ్లాండులో మద్రాసు నీటిపారుదల కాలువల కంపెనీ యేర్పడెను. పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి ఐదు వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము హామీ యిచ్చెను. తుంగభద్రను తూర్పు సముద్రముతో జలమార్గమున కలుపవలెననునది ఆ తొలినాటి మహాసంకల్పము. కర్నూలునకు ఎగువ సుంకేసుల వద్ద తుంగభద్రకు అడ్డముగ ఆనకట్ట కట్టిరి. 1863 మొదలు 1870 వఱకు కాలువ పని సాగెను. కర్నూలు వద్ద హంద్రి నది అడ్డు వచ్చెను. నదిపై వంతెన వంటి కట్టడము నిర్మించి, దానిపై కాలువను నడిపించిరి. క్రింద నది, పైన కాలువ. నదికి మీదుగా పడవ పోవునట్టి యేర్పాటు. పిమ్మట మిట్టకందాల చెంత ఎత్తైన నేలను లోతుగా కోసి, తుంగభద్ర నీటిని కుందేరు లోయలోనికి దింపిరి. అచ్చటినుండి నీరు పెన్ననుదాటి కడప వఱకు పోవును. మొత్తము పొడవు సుమారు 190 మైళ్లు. దారిపొడుగున లాకులు కట్టబడెను.

కాలువ పూర్తియయ్యెను గాని కంపెనీ చితికిపోయెను. పని మధ్యలోనే మూలధనము హరించుటచే ప్రభుత్వము అప్పు ఈయవలసివచ్చెను. కాలువ సముద్రము వఱకు పోలేదు. ఈ చివర రేవు లేదు, ఆ చివర రేవు లేదు. వేసవిలో తుంగభద్ర సన్నగిల్లగా కాలువకు నీరు చాలకుండెను. పైరుకును పడవకును గల సహజమైన తగవుకూడ పైకి వచ్చెను. పైరునకు నీరు పాఱవలెను. పడవకు నీరు నిలువవలెను. పైరు నీటిని త్రాగి తగ్గించును. పడవ నీటిని తగ్గనీయరాదని కోరును. నల్లరేగడి భూముల రైతులు తరతరములుగా మెట్టపైరులకు అలవాటుపడినవారగుటచే నీటికి పన్ను కట్టుటకు మొదట ముందునకు రాలేదు. కాలువ ప్రక్కనే పాఱుచుండ, పొలము వాననే నమ్ముకొనియుండెను. కాటనును వ్యతిరేకించినవారు ఈ కాలువను వ్రేలు పెట్టి చూపి ఎగతాళి చేసిరి.

ఇంతలో 1876వ సంవత్సరము వచ్చెను. తెలుగువారి లెక్కలో అది ధాత సంవత్సరము. వానలు పూర్తిగా తప్పెను. కర్నూలు, బళ్లారి, కడప మండలములు మాడిపోయెను. మద్రాసు రేవున ధాన్యపు బస్తాలు గుట్టలుగా పడియుండెను. కర్నూలునకు ఇనుపదారి లేదు. గుత్తి వంటి దూరపు స్టేషనులలో దింపిన ధాన్యమును ఎడ్లబండ్లపై తేవలెను. గడ్డి లేదు, నీరు లేదు. బండిని లాగవలసిన ఎడ్లే దారిలో చచ్చెను. అన్నము రేవున నుండెను, ఆకలి పల్లెలో నుండెను, రెంటి నడుమ ఎండిన బాట యుండెను. గంజి పోయు శిబిరములకు నడువలేక వేలకొలది జనులు త్రోవలోనే ప్రాణములు విడిచిరి. 1871 నుండి 1881 వఱకు జరిగిన లెక్కలను పోల్చి చూచినచో కర్నూలు మండలము తన ప్రజలలో సుమారు నాలుగవ వంతును కోల్పోయినట్లు తెలియుచున్నది.

ఆ దారుణకాలమున నవ్వులపాలైన కాలువ తన విలువను చూపెను. వానను నమ్మినవారు నశించుచుండగా, కాలువ క్రింది పొలములు పచ్చగా నిలిచెను. నీరు వలదన్న రైతులే నీటికై వచ్చిరి. కాలువ క్రింద సాగు పెరిగెను. కడుపునకు పిడికెడు మెతుకులు దొరకని సీమలో ఆ పచ్చని గీత ఎన్ని కుటుంబములను నిలిపినదో చెప్పనలవి కాదు.

ఇంగ్లాండులో నున్న కాటను ఈ వార్తలు విని మిక్కిలి పరితపించెను. 1878వ సంవత్సరమున పార్లమెంటు విచారణసంఘము ఎదుట నిలిచినప్పుడు ఆయన వయస్సు డెబ్బదియైదు సంవత్సరములు. రైలుమార్గములపై కోట్లకొలది ధనమును వెచ్చించి, కాలువలను ఉపేక్షించుట తగదని ఆయన నొక్కి చెప్పెను. రైలు తెచ్చు ధాన్యము ఎచ్చటనో పండవలెననియు, కాలువయైనచో ధాన్యమును పండించుటయు, మోయుటయు రెండును చేయుననియు వాదించెను. జాన్ బ్రైటును, ఫ్లారెన్సు నైటింగేలును ఆయన పక్షమున నిలిచిరి. అయినను సంఘము ఆయన జలమార్గముల ప్రణాళికలకు అనుకూలముగ తీర్పు చెప్పలేదు. అంతకు పూర్వమే, 1871వ సంవత్సరమున, ఎగువ గోదావరిపై దుమ్మగూడెము మొదలగు చోట్ల జరుగుచుండిన పడవమార్గపు పనులు నిలిపివేయబడియుండెను. కర్నూలు కాలువను 1882వ సంవత్సరమున ప్రభుత్వమే కొని స్వాధీనము చేసికొనెను. కాలక్రమమున దానిపై పడవలు నడచుట ఆగిపోయెను. నీరు మాత్రము పొలములకు పాఱుచునే యున్నది.

కాటను పొరబడెనా? కొంతమేరకు పొరబడెను. గోదావరి, కృష్ణల ముఖభూములు పల్లమైనవి, అచ్చట ఏటిలో నీరు సమృద్ధి, సముద్రము చేరువ. అచ్చట ఫలించిన పడవ, మెట్టయైన రాయలసీమలో అంత సులభముగ ఫలింపదని ఆయన తగినంతగా ఎంచలేదు. ఏ నీటికి తగిన పడవ ఆ నీటికి వలయునను పాఠము ఆయనకు తెలియనిది కాదు. కాని ఉత్సాహము హెచ్చినప్పుడు పెద్దలుకూడ తెలిసిన పాఠమును మఱతురు. రైలుబండి నీరులేని మెట్టపైని కూడ పోగలుగుటయు, ఏడాది పొడుగున నడువగలుగుటయు ఆయన తక్కువగా అంచనా వేసెను. కాని కఱవును గూర్చిన మూలవిషయమున ఆయన పొరబడలేదు. బండి యెంత వేగముగ పోయినను, నేల పండనిచో అది మోయుటకేమియు ఉండదు.

పడవల విషయమున పాత క్రొత్తల పోలిక నేటికిని ముగియలేదు. 1922వ సంవత్సరమున అమెరికాలో రాల్ఫు శామ్యూల్సను అను యువకుడు కాళ్లకు పలకలు కట్టుకొని, మోటారు పడవ లాగుచుండగా నీటిపై నిలిచి సాగెను. అది పెద్ద క్రీడయై పోటీలు వెలసెను. ఆ పోటీలకై చేయు పడవలలో పాతవి సన్నగను తేలికగను ఉండెడివి. క్రొత్తవి వెడల్పుగను బరువుగను ఉండుచున్నవి. అయినను నిర్మాతలు రెంటియందును కోరునది యొక్కటే: పడవ వేగముగ పోవలెను, వెనుక లేచు అల చిన్నదిగ నుండవలెను. అల పెద్దదైనచో ఆటగాడు తడబడును. కాలువలో నైనచో అదే అల మట్టిగట్టును కోసివేయును. స్కాటు రస్సెలు గుఱ్ఱముపై వెంబడించిన అలనే నేటి నిర్మాతలును వెంబడించుచున్నారు. క్రీడ కొఱకు వేగము వలయును, ధాన్యము కొఱకు చౌక వలయును. ప్రయోజనమును బట్టియే పడవ రూపము.

కాటను వృద్ధాప్యమున డార్కింగు అను ఊరిలో నివసించెను. అచ్చటను ఊరకుండక, తన తోటలో నేలను లోతుగ త్రవ్వి గోధుమను హెచ్చుగ పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన తొంబదియాఱవ యేట ఆయన కన్నుమూసెను. గోదావరి ప్రజలు ఆయనను మఱువలేదు. ఆయన పేర ధవళేశ్వరమున ప్రదర్శనశాల గలదు. పాత ఆనకట్ట స్థానమున 1970 తరువాత నిర్మించిన బారేజీకిని ఆయన పేరే పెట్టిరి. ఊరూరను ఆయన విగ్రహములు గలవు. 2008వ సంవత్సరమున గోదావరి, కృష్ణలను, కాకినాడ నుండి పుదుచ్చేరి వఱకు గల తీరపు కాలువలను భారత ప్రభుత్వము జాతీయ జలమార్గముగ ప్రకటించెను. నూఱేండ్లకు పైగా మూలబడిన ఆయన వాదము మరల చర్చకు వచ్చెను.

గోదావరి సీమలో కాటను పేరు విననివారు లేరు. కర్నూలు సీమలో ఆయనను తలచువారు తక్కువ. అయినను సుంకేసుల నుండి కడప వఱకు పాఱు నీరు ఆయన తలపునకు ఆనవాలే. ఆ కాలువపై ఆయన కోరిన పడవలు నేడు లేవు. కాని ఆయన పడవను కోరినది పడవ కొఱకు కాదు. పల్లెలోని ఆకలికిని, ఎచ్చటనో నున్న అన్నమునకును నడుమ దారి లేకుండుట చూచి కోరెను. ఆ దారి నీటిదైనను, ఇనుపదైనను, నేలదైనను, అది యెప్పుడును తెగకుండ కాపాడుకొనుట తరువాతి తరములవారి విధి.